రూపాయి మిత్తికి తెచ్చి.. రెండు రూపాయలకు ఇచ్చి..

నిజాం రాజ్యానికే అప్పు ఇచ్చిన హైదరాబాద్ బ్యాంకర్ విలియం పామర్ జీవితం. ఫైనాన్స్ రంగంలోకి వెళ్లాలనుకునే ప్రతి విద్యార్థి తెలుసుకోవాల్సిన కథ.

మన ఊళ్లలో వడ్డీని శాతాల్లో చెప్పరు. నూటికి నెలకు రూపాయి మిత్తి, రెండు రూపాయల మిత్తి, మూడు రూపాయల మిత్తి అంటారు. రూపాయి మిత్తి అంటే ఏడాదికి 12 శాతం. రెండు రూపాయలంటే 24 శాతం. బాసర, ముథోల్, భైంసా వైపు ఏ పత్తి రైతును అడిగినా ఈ లెక్క నోటిమీదే చెప్తడు. బ్యాంకు పరీక్షలకు ప్రిపేర్ అయ్యే మనం మాత్రం దీన్ని సింపుల్ ఇంట్రెస్ట్ చాప్టర్‌లో వెతుక్కుంటాం.

రెండు వందల ఏళ్ల కింద హైదరాబాద్‌లో ఒక మనిషి రూపాయి మిత్తికి పైసలు తెచ్చి, రెండు రూపాయలకు ఇచ్చాడు. అప్పు తీసుకున్నది చిన్నాచితకా రైతు కాదు, నిజాం సర్కారు. పూచీకత్తు పెట్టింది బంగారం కాదు, తాలూకాల భూమి శిస్తు. అప్పు ఇచ్చిన పైసల్లో చాలా భాగం అతడివి కావు, వేరే వాళ్లవి. పదేళ్లలో ఆ కంపెనీ హైదరాబాద్‌లో అందరికంటే బలమైనదైంది. పదకొండో ఏడు వచ్చేసరికి దివాలా తీసింది. ఆ మనిషి పేరు విలియం పామర్.

ఈ కథకూ మన గోదావరికీ కూడా ఒక లంకె ఉంది. పామర్ కంపెనీ మొదట్లో చెప్పిన పనుల్లో ఒకటి, గోదావరి ఒడ్డు అడవుల్లో కలప కొట్టించి ఓడల తయారీకి అందించడం. ఆదిలాబాద్ టేకు సంగతి మనకు తెలిసిందే. నది చివరన కోరంగిలో అప్పట్లో ఓడలు కట్టేవాళ్లు. ఆలోచన బాగానే ఉంది. కానీ కలప పక్కకు పోయింది, అప్పుల వ్యాపారం ముందుకొచ్చింది. అది ఎట్లా జరిగిందో చూద్దాం.

నోటిఫికేషన్‌లోనే అర్హత లేదు

విలియం పామర్ 1780లో పుట్టాడు. తండ్రి పేరు కూడా విలియం పామరే. ఈస్టిండియా కంపెనీ సైన్యంలో జనరల్ స్థాయికి ఎదిగాడు. వారన్ హేస్టింగ్స్ దగ్గర సైనిక కార్యదర్శిగా, తర్వాత పుణెలో రెసిడెంట్‌గా పని చేశాడు. తల్లి ఫైజ్ బక్ష్ బేగం ఉత్తరాది ముస్లిం కుటుంబానికి చెందిన మహిళ. లక్నోలో ఉన్నప్పుడు ఈ కుటుంబాన్ని ఒక యూరప్ చిత్రకారుడు గీసిన బొమ్మ ఇప్పటికీ లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. తండ్రి, తల్లి, పసిపిల్లలు, చుట్టూ బంధువులు, ఆయాలు కనిపిస్తారు.

ఇంట్లో పార్సీ, ఉర్దూ. చదువు ఇంగ్లీషులో. అటు దర్బారు మర్యాదలు తెలుసు, ఇటు ఇంగ్లీషు వాళ్ల పద్ధతులు తెలుసు. ఇప్పటి భాషలో చెప్పాలంటే రెజ్యూమె అదిరిపోయింది. కానీ ఉద్యోగం దగ్గర తలుపు మూసుకుంది. 1791లో కంపెనీ ఒక ఉత్తర్వు తెచ్చింది. తల్లిదండ్రుల్లో ఒకరు భారతీయులైతే వాళ్ల పిల్లలకు కంపెనీ సివిల్, సైనిక, నౌకా ఉద్యోగాలు ఇవ్వొద్దన్నది దాని సారం. తండ్రి జనరల్ అయినా సరే, కొడుక్కి అదే కంపెనీలో చోటు లేదు. తెలివి తక్కువై కాదు, పుట్టుక కారణంగా.

అట్లాంటి పిల్లలు అప్పట్లో దేశీ రాజ్యాల వైపు చూసేవాళ్లు. పామర్ 1799లో నిజాం సైన్యంలో చేరాడు. పన్నెండేళ్లకు పైగా అక్కడే పని చేశాడు. ఆ ఏళ్లలో సంపాదించింది జీతం ఒక్కటే కాదు. ఏ జిల్లాలో శిస్తు ఎంత వస్తుంది, ఏ అమీరు మాట మీద నిలబడతాడు, దివాణంలో అసలు పని ఎవరి చేతిలో ఉంది, సైన్యానికి జీతాలు ఎన్ని నెలలు ఆగుతాయి.. ఇవన్నీ దగ్గరగా చూశాడు. తర్వాత కత్తి వదిలేసి ఖాతా పుస్తకం పట్టుకున్నప్పుడు ఈ సమాచారమే పెట్టుబడి అయింది.

రాజ్యానికి అప్పు ఎందుకు కావాల్సి వచ్చింది

1798, 1800 ఒప్పందాలతో నిజాం రాజ్యం ఇంగ్లీషు వాళ్ల రక్షణ కిందికి వెళ్లింది. పేరుకు సర్వస్వతంత్ర రాజ్యమే. గద్దె మీద సికిందర్ జా. పేరుకు దివాన్ మునీర్ ఉల్ ముల్క్. అసలు చక్రం తిప్పింది మాత్రం పేష్కార్ చందూలాల్. ఇంగ్లీషు ఆఫీసర్ల కింద ఉన్న నిజాం సైన్యానికి నెలనెలా జీతాలు ఇవ్వాలి. ఒక్క నెల ఆగినా రెసిడెంట్ ఊరుకోడు. కానీ శిస్తు నెలనెలా రాదు కదా. పంట చేతికొచ్చినప్పుడే వస్తుంది. అది కూడా ఇజారాదారులు, దేశ్‌ముఖ్‌ల చేతులు దాటి ఖజానాకు చేరాలి.

ఖర్చు నెలవారీగా, ఆదాయం పంటవారీగా. ఈ మధ్య ఖాళీని నింపేది అప్పు. ఫైనాన్స్ చదివేవాళ్లు దీన్నే క్యాష్ ఫ్లో గ్యాప్ అంటారు. బేగం బజార్, కార్వాన్ సాహుకార్లు అప్పటిదాకా ఆ ఖాళీ నింపేవాళ్లు. మార్వాడీలు, గుజరాతీలు, గోసాయీలు అందులో ఉన్నారు. అయితే సర్కారుకు ఇచ్చిన అప్పు తిరిగొస్తుందన్న భరోసా తక్కువ. అడిగితే ఇవ్వొచ్చు, ఇవ్వకపోవచ్చు. రాజు మీద దావా ఎక్కడ వేస్తారు? ఆ భయం మొత్తం వడ్డీలో కలిసేది. అందుకే రెండు రూపాయలు, మూడు రూపాయల మిత్తి మామూలైపోయింది.

పామర్ సరిగ్గా ఇక్కడే అవకాశం చూశాడు.

పైసలు ఎక్కడ దొరికాయి

1814లో విలియం పామర్ అండ్ కంపెనీకి గవర్నర్ జనరల్ ప్రభుత్వం నుంచి గుర్తింపు వచ్చింది. హైదరాబాద్ రెసిడెంట్ హెన్రీ రస్సెల్ దాన్ని గట్టిగా సమర్థించాడు. తమ్ముడు హేస్టింగ్స్ పామర్ భాగస్వామి. బెంకటీ దాస్ అనే గుజరాతీ సాహుకారు మరో భాగస్వామి. ఈ కలయికను గమనించండి. ఇంగ్లీషు పేరు, దర్బారు పరిచయం, సాహుకారు అనుభవం.. మూడూ ఒకే గుడ్డ కింద.

ఇప్పుడు పెట్టుబడి కావాలి. పామర్ సొంత సొమ్ము ఒక రాజ్యానికి అప్పు ఇచ్చేంత కాదు. అప్పట్లో కంపెనీ ఆఫీసర్లకు జీతాలు బాగానే వచ్చేవి గానీ, ఆ డబ్బు ఎక్కడ పెట్టాలో తెలిసేది కాదు. పామర్ వాళ్లకు ఏడాదికి 12 శాతం ఇస్తానన్నాడు. సైనికాధికారులు, రెసిడెన్సీతో సంబంధం ఉన్న ఇంగ్లీషు వాళ్లు, ఊళ్లోని డబ్బున్నవాళ్లు డిపాజిట్లు పెట్టారు. రూపాయి మిత్తికి వచ్చిన ఆ పైసల్ని నిజాం సర్కారుకు సుమారు 24, 25 శాతానికి ఇచ్చాడు. మధ్యలో మిగిలే 12 శాతమే కంపెనీ లాభం. ఈనాటి ప్రైవేట్ ఫైనాన్స్ కంపెనీ చేసేదీ ఇదే. తక్కువకు తెచ్చి ఎక్కువకు ఇవ్వడం. మధ్యలో రిస్క్ మోయడం.

ఒక అడ్డంకి ఉంది. నిజాం రాజ్యం కంపెనీ ప్రాంతం కాదు. చట్టం దృష్టిలో అది పక్క రాజ్యం. 1797లో ఇంగ్లండ్ పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం, అనుమతి లేకుండా బ్రిటిష్ ప్రజలు దేశీ రాజులకు అప్పు ఇవ్వకూడదు. కారణం ఆర్కాటు నవాబు. మద్రాసులోని ఇంగ్లీషు ఉద్యోగులు నవాబుకు అప్పులిచ్చి, జిల్లాల శిస్తులు రాయించుకుని, ఆ బాకీల కోసం సర్కారు విధానాన్నే తిప్పేసిన చరిత్ర అప్పటికి తాజాగా ఉంది. మళ్లీ అట్లా జరగొద్దనే ఈ చట్టం.

పామర్ కంపెనీ మినహాయింపు అడిగింది. 1816 జూలైలో గవర్నర్ జనరల్ మార్క్విస్ హేస్టింగ్స్ లైసెన్స్ ఇచ్చాడు. చట్టానికి మినహాయింపు దొరికిన రోజు నుంచి కంపెనీ రెక్కలు విప్పింది.

లైసెన్స్‌లో రాయని పూచీ

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి. ఇంతకుముందు సాహుకార్లకు లేనిది పామర్‌కు ఏం దొరికింది? చట్టపరంగా చూస్తే కేవలం అనుమతి. కంపెనీ ప్రభుత్వం ఆ అప్పులకు పూచీ పడలేదు. కానీ బయట జనం అట్లా అనుకోలేదు. ఆఫీసు రెసిడెన్సీకి దగ్గర. డిపాజిటర్లు రెసిడెన్సీ మనుషులు. లైసెన్స్ మీద గవర్నర్ జనరల్ సంతకం. ఈ అప్పు ఎగ్గొడితే తెల్లదొర ఊరుకోడన్నది చందూలాల్ లెక్క. ఈ కంపెనీ మునగనివ్వరన్నది డిపాజిటర్ల లెక్క. కాగితం మీద లేని పూచీ మీద అందరూ నమ్మకం పెట్టుకున్నారు.

పైగా 1815 ప్రాంతంలో సర్ విలియం రంబోల్డ్ భాగస్వామిగా చేరాడు. ఆయన భార్య గవర్నర్ జనరల్ ఇంట్లో కూతురిలా పెరిగిన అమ్మాయి. అంటే అనుమతి ఇచ్చే పెద్దమనిషికి, అనుమతి తీసుకునే కంపెనీకి మధ్య ఇంటి బంధం ఏర్పడింది. రెసిడెంట్ రస్సెల్ స్వయంగా ఈ కంపెనీ లాభాల్లో ఉన్నాడన్న ఆరోపణ కూడా తర్వాత వచ్చింది. కన్ఫ్లిక్ట్ ఆఫ్ ఇంట్రెస్ట్ అనే మాటను ఇంటర్వ్యూలో అడిగితే చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. పర్యవేక్షించాల్సిన వాళ్లు, లాభపడే వాళ్లు ఒక్కరే అయితే తప్పు జరిగినా గంట కొట్టేవాళ్లు ఉండరు.

శిస్తు రాసిస్తే ఊళ్లకేమైంది

పామర్ కంపెనీ నెలనెలా సైన్యం జీతాలకు లక్షల్లో అడ్వాన్స్ ఇచ్చేది. ఔరంగాబాద్, బీరారు వైపు ఉన్న దళాల ఖర్చు అందులో పెద్దది. దానికి బదులుగా సర్కారు కొన్ని జిల్లాల శిస్తును కంపెనీ పేర రాసిచ్చింది. భూమి యజమాని మారలేదు. భూమి మీద వచ్చే ఆదాయం మాత్రం చేతులు మారింది.

వినడానికి ఇది సాదా సెక్యూరిటీ లాగే ఉంటుంది. కానీ శిస్తు వసూలు చేసేవాడికి ఆ ఊరి మీద ఎన్నాళ్లు హక్కు ఉంటుందన్నదే అసలు ప్రశ్న. వచ్చే ఏడు ఉంటానో ఉండనో తెలియనివాడు చెరువు పూడిక తీయించడు. కరువొస్తే మాఫీ ఇవ్వడు. ఈ ఏడు ఎంత పిండగలనా అని చూస్తాడు. ఇజారా పద్ధతిలో అప్పటికే నలిగిన రైతు మీద ఇప్పుడు అప్పు గడువు కూడా పడింది. శిస్తు కట్టలేని వాళ్లు ఊళ్లు వదిలి పోయేవాళ్లు. ఊరు ఖాళీ అయితే శిస్తు తగ్గుతుంది. శిస్తు తగ్గితే మళ్లీ అప్పు. సెక్యూరిటీగా పెట్టిన ఆస్తిని అప్పే తినేయడం అంటే ఇదే.

లెక్క కూడా చూడండి. 24 శాతం చక్రవడ్డీ మీద బాకీ దాదాపు మూడేళ్లలో రెండింతలవుతుంది. రాజ్యం ఆదాయం మూడేళ్లలో రెండింతలవుతుందా? ఎంత మంచి వానలు పడ్డా కాదు. అంటే ఈ అప్పు తీరేది కాదని మొదటి రోజే లెక్క చెప్తోంది. ఎవ్వరూ ఆ లెక్క వేయలేదు. వేసినవాళ్లు బయటికి చెప్పలేదు.

పామర్‌ను మాత్రమే తప్పు పట్టడం కూడా న్యాయం కాదు. ఆ రోజుల్లో సాహుకార్ల వడ్డీ ఇంతకంటే తక్కువేం కాదు. చందూలాల్ ఖర్చు తగ్గించుకోలేదు. ఇంగ్లీషు వాళ్లు సైన్యం తగ్గించలేదు. ఎవరూ ఒక్క రూపాయి వదులుకోకుండా పని నడవాలంటే అప్పు ఒక్కటే దారి. పామర్ ఆ దారి తెరిచిపెట్టాడు.

ఆడిటర్ వచ్చాడు

1820 చివర్లో రస్సెల్ పోయి చార్లెస్ మెట్కాఫ్ రెసిడెంట్‌గా వచ్చాడు. విచిత్రం ఏంటంటే మెట్కాఫ్‌కు పామర్ కుటుంబంతో స్నేహం ఉంది. వచ్చీ రాగానే గొడవ పెట్టుకోవాల్సిన అవసరం ఆయనకు లేదు. కానీ జిల్లాలు తిరిగాడు. ఖాళీ ఊళ్లు చూశాడు. ఖాతాలు అడిగాడు.

అప్పటికే 60 లక్షల రూపాయల కొత్త అప్పు ఒకటి మంజూరై ఉంది. సైన్యం బకాయిలు తీర్చడానికి, అనవసరపు ఖర్చు తగ్గించడానికి, రైతులకు సాయం చేయడానికి అని దానికి కారణం చూపించారు. కలకత్తా కౌన్సిల్‌లో వ్యతిరేకత వచ్చినా గవర్నర్ జనరల్ తన ఓటుతో దాన్ని గట్టెక్కించాడు. మెట్కాఫ్ తవ్వి చూస్తే తేలింది వేరు. అందులో చాలా భాగం కొత్తగా ఇచ్చిన డబ్బే కాదు. పాత బాకీని కొత్త ఖాతాలోకి మార్చారు. పైన కంపెనీకి 8 లక్షల బోనస్ కలిపారు. రైతు దగ్గరికి చేరిన సాయం కనిపించలేదు. పాత మొండి బాకీని కొత్త అప్పుగా చూపించి పుస్తకాలు శుభ్రం చేయడం ఇప్పటి బ్యాంకింగ్‌లో కూడా వినిపించే జబ్బే. ఎవర్‌గ్రీనింగ్ అంటారు దాన్ని.

మెట్కాఫ్ ఒక పరిష్కారం చెప్పాడు. కంపెనీ ప్రభుత్వం పూచీ మీద 6 శాతానికి అప్పు తెచ్చి, పామర్ బాకీ మొత్తం తీర్చేద్దామన్నాడు. లక్ష రూపాయల మీద ఏడాదికి 24 వేలు కట్టే చోట 6 వేలు కడితే చాలు. మిగిలిన 18 వేలు అసలుకు పోతాయి. ఈ రోజు మనం ఎక్కువ వడ్డీ పర్సనల్ లోన్‌ను తక్కువ వడ్డీ లోన్‌తో క్లోజ్ చేయడం లాంటిదే. గవర్నర్ జనరల్ ఒప్పుకోలేదు. పైగా మెట్కాఫ్‌ను మందలించాడు. పెద్దమనిషి ఇంటి అల్లుడి లాంటి వాడి వ్యాపారం మీద చెయ్యి వేసినందుకు వచ్చిన ఫలితం అది. స్నేహితులు దూరమయ్యారు. పై అధికారి కోపం వచ్చింది. అయినా మెట్కాఫ్ నివేదికలు ఆపలేదు. కాకపోతే ఆయనకూ ఒక స్వార్థం ఉంది. నిజాం జిల్లాల మీద ఇంగ్లీషు అజమాయిషీ పెరగాలన్నది ఆయన కోరిక. ఈ కథలో పూర్తిగా తెల్లని చొక్కా ఎవరికీ లేదు.

ఏడు లక్షల ఆదాయం శాశ్వతంగా పోయింది

1823 జనవరిలో హేస్టింగ్స్ భారతదేశం వదిలి వెళ్లాడు. అండ పోయింది. లండన్‌లో డైరెక్టర్లు అప్పటికే ఈ లావాదేవీల మీద గుర్రుగా ఉన్నారు. అదే ఏడాది బాకీ తీర్చేయాలని నిర్ణయం జరిగింది. పైసలు ఎక్కడివి?

ఇక్కడే మన తెలుగు నేల మళ్లీ కథలోకి వస్తుంది. ఉత్తర సర్కారులు, అంటే ఇప్పటి శ్రీకాకుళం నుంచి గుంటూరు దాకా ఉన్న కోస్తా, ఒకప్పుడు నిజాంవి. ఇంగ్లీషు వాళ్లు తీసుకున్నందుకు ఏటా 7 లక్షల రూపాయల పేష్కష్ నిజాంకు కట్టాలి. ఆ ఏటేటా వచ్చే ఆదాయాన్ని ఒకేసారి అమ్మేశారు. కంపెనీ దానికి కట్టిన విలువ సుమారు 1 కోటి 16 లక్షల 66 వేలు. ఆ డబ్బుతో పామర్ బాకీ, మరికొన్ని బాకీలు తీర్చారు.

కాలిక్యులేటర్ తీయండి. 7 లక్షలను ఆ మొత్తంతో భాగిస్తే 6 శాతం వస్తుంది. అంటే కంపెనీ ప్రభుత్వం 6 శాతం లెక్కన ఎప్పటికీ వచ్చే ఆదాయాన్ని కొనుక్కుంది. 24 శాతం అప్పు తీర్చడానికి 6 శాతం ఆస్తి అమ్మడం అంకెల్లో తెలివైన పనే. కానీ ఆ అప్పు పుట్టకుండా ఉంటే ఆస్తి అమ్మాల్సిన పనే లేదు. తాత సంపాదించిన మడిని మనవడు మిత్తి కట్టడానికి అమ్మినట్టయింది. మన పల్లెల్లో ఈ కథ ఎవరి ఇంట్లో జరగలేదు?

బాకీ ముట్టింది కాబట్టి పామర్ కంపెనీ బతకాలి. బతకలేదు. నిజాం సర్కారుతో కొత్త లావాదేవీలు బంద్ అయ్యాయి. లైసెన్స్ అండ లేదని తెలిశాక డిపాజిటర్లకు నమ్మకం పోయింది. అమీర్లకు ఇచ్చిన అప్పులు వసూలు కాలేదు. 1824లో కంపెనీ దివాలా తీసింది. జీవితాంతం కూడబెట్టింది రూపాయి మిత్తికి ఆశపడి పెట్టిన వాళ్లు నష్టపోయారు. 1825లో లండన్‌లో కంపెనీ వాటాదారుల సభ ఈ వ్యవహారం మీద రోజుల తరబడి చర్చించింది. గవర్నర్ జనరల్‌గా గొప్ప పేరు తెచ్చుకున్న హేస్టింగ్స్ చివరి రోజుల మీద ఈ మచ్చ పడింది. 1826లో ఆయన చనిపోయాడు. కలకత్తాలో మహా వర్తకుడిగా పేరున్న పామర్ అన్న జాన్ పామర్ కంపెనీ కూడా వేరే కారణాలతో 1830 జనవరిలో కూలింది.

దివాలా తర్వాత నలభై మూడేళ్లు

చాలా జీవిత కథలు పతనంతో ఆగిపోతాయి. పామర్ జీవితం అక్కడ సగం దూరం మాత్రమే వచ్చింది. అప్పటికి ఆయనకు 44 ఏళ్లు. ఊరు వదిలి పోలేదు. ఇంగ్లండ్ వెళ్లి దాక్కోలేదు. హైదరాబాద్‌లోనే ఉన్నాడు. పాత బాకీల కోసం దరఖాస్తులు పెడుతూనే ఉన్నాడు. 1832లో ఆయన కూతురు మేరీని మెడోస్ టేలర్ పెళ్లి చేసుకున్నాడు. టేలర్ నిజాం సేవలో ఉన్న అధికారి. తర్వాత థగ్గుల మీద రాసిన నవలతో ప్రసిద్ధుడయ్యాడు.

పామర్ కళ్ల ముందే పాత సినిమా మళ్లీ ఆడింది. 1830ల్లో బొంబాయి నుంచి వచ్చిన పెస్తన్జీ పార్సీ కంపెనీ చందూలాల్‌కు అప్పులిచ్చింది. బీరారు జిల్లాల శిస్తు రాయించుకుంది. 1843లో చందూలాల్ దిగిపోయాడు. 1845లో ఆ జిల్లాలను సర్కారు బలవంతంగా వెనక్కి తీసుకుంది. పార్సీ బ్యాంకర్లు చితికిపోయారు. అప్పు ఇచ్చేవాళ్లు మారారు గానీ పద్ధతి మారలేదు. 1853లో సైన్యం ఖర్చు బాకీ కింద ఏకంగా బీరారునే ఇంగ్లీషు వాళ్లు అప్పగించుకున్నారు. ఆదిలాబాద్‌కు పైన పెన్‌గంగ దాటితే ఉండే ప్రాంతం అది. అదే ఏడాది 24 ఏళ్ల సాలార్‌జంగ్ దివాన్ అయ్యాడు. తాకట్టులో ఉన్న తాలూకాలను ఒక్కొక్కటిగా విడిపించి, శిస్తు వసూలును జీతగాళ్లైన అధికారుల చేతిలో పెట్టాడు. పామర్ నడిచిన దారిని మూసేయడమే ఆ సంస్కరణల్లో పెద్ద పని.

1857లో రెసిడెన్సీ మీద దాడి జరిగినప్పుడు కూడా పామర్ బతికే ఉన్నాడు. 1867లో హైదరాబాద్‌లోనే కన్నుమూశాడు. 87 ఏళ్ల జీవితంలో బ్యాంకర్‌గా వెలిగింది పట్టుమని పదేళ్లు.

మనకు పనికొచ్చేది ఏంటి

బాసర ట్రిపుల్ ఐటీలోనో, నిర్మల్, ఆదిలాబాద్, కరీంనగర్ డిగ్రీ కాలేజీల్లోనో చదివి ఫైనాన్స్ వైపు వెళ్లేవాళ్లకు తొలి ఉద్యోగం చాలాసార్లు అప్పులు ఇచ్చే సంస్థలోనే దొరుకుతుంది. బ్యాంక్ పీఓ, క్రెడిట్ ఆఫీసర్, గోల్డ్ లోన్ బ్రాంచ్, మైక్రోఫైనాన్స్ ఫీల్డ్ స్టాఫ్.. ఏదైనా కావొచ్చు. టార్గెట్ ఇస్తారు. ఎంత ఎక్కువ అప్పు ఇస్తే అంత మంచి పేరు. అప్పుడు పామర్ గుర్తుండాలి. 2010లో మన రాష్ట్రంలో మైక్రోఫైనాన్స్ అప్పుల వసూళ్లు శ్రుతి మించి, ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చిన సంగతి ఇంట్లో పెద్దవాళ్లను అడిగితే చెప్తారు.

అప్పు ఫైలు చేతికొచ్చినప్పుడు ఈ అయిదు ప్రశ్నలు వేసుకోండి.

1. అప్పు దేనితో తీరుతుంది? సెక్యూరిటీ కంటే ముందు ఆదాయం చూడాలి. ఆస్తి అమ్మితే తప్ప తీరని అప్పు మంచి అప్పు కాదు.

2. ఆదాయం వచ్చే టైమూ, కిస్తీ కట్టే టైమూ కలుస్తున్నాయా? రైతుకు నెలవారీ కిస్తీ పెడితే నిజాం ఖజానాకు వచ్చిన కష్టమే వస్తుంది.

3. పూచీ కాగితం మీద ఉందా, గాలిలో ఉందా? పెద్దవాళ్లు వెనక ఉన్నారన్న మాట బ్యాలెన్స్ షీట్‌లో ఆస్తి కాదు.

4. ఇది కొత్త అప్పా, పాత బాకీకి కొత్త పేరా?

5. ఆమోదించే మనిషికీ, తీసుకునే మనిషికీ సంబంధం ఉందా? ఉంటే రాతపూర్వకంగా చెప్పాలి. ఆ ఫైలు నుంచి తప్పుకోవాలి.

ఇంకో మాట. సరిహద్దు దాటి ఆస్తుల మీద పెట్టుబడి పెట్టడం ఇప్పుడు మళ్లీ పెరుగుతోంది. గల్ఫ్‌లో ఉన్న మన కరీంనగర్, నిర్మల్ అన్నలు అక్కడ ఫ్లాట్ కొంటామంటున్నారు. ఇక్కడివాళ్లు బయట ప్లాట్లు చూస్తున్నారు. పామర్ కాలంలో 1797 చట్టం ఎట్లానో, ఇప్పుడు 1999 నాటి ఫెమా అట్లా. ఇక్కడ నివసించేవాళ్లు ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్ల దాకా రిజర్వ్ బ్యాంక్ పథకం కింద బయటికి పంపొచ్చు. ఆ డబ్బుతో అక్కడ స్థిరాస్తి కొనొచ్చు. అట్లాగే నేపాల్, భూటాన్, బంగ్లాదేశ్, శ్రీలంక, పాకిస్తాన్, చైనా లాంటి దేశాల పౌరులు మన దగ్గర స్థిరాస్తి కొనాలంటే రిజర్వ్ బ్యాంక్ ముందస్తు అనుమతి కావాలి. ఈ నిబంధనలు చదివి చెప్పగలిగేవాళ్లకు బ్యాంకుల ఫారెక్స్ విభాగాల్లో, కంప్లయన్స్ టీముల్లో, సీఏ, సీఎస్ ఆఫీసుల్లో పని ఉంది. ఆర్‌బీఐ గ్రేడ్ బి రాసేవాళ్లకు సిలబస్‌లోనే ఫైనాన్స్ ఉంది.

పామర్‌కు తెలివి ఉంది, భాషలు ఉన్నాయి, పరిచయాలు ఉన్నాయి, మార్కెట్‌లో అవసరం ఎక్కడుందో పసిగట్టే చూపు ఉంది. తలుపు మూస్తే గోడ పక్క నుంచి దారి వెతుక్కున్న పట్టుదల ఉంది. మొదట చెప్పిన కలప పని ఓపికగా చేసి ఉంటే లాభం మెల్లగా వచ్చేది. రెండు రూపాయల మిత్తి త్వరగా వచ్చింది, త్వరగా పోయింది. పోతూ పోతూ వేరే వాళ్ల పొదుపును, ఒక రాజ్యం ఆదాయాన్ని వెంట తీసుకెళ్లింది.

రేపు మీ సంతకంతో ఒక అప్పు మంజూరవుతుంది. ఆ పైసలు ఎవరో నమ్మి బ్యాంకులో పెట్టినవి. ఆ అప్పు ఎవరో భూమి కుదువ పెట్టి తీసుకున్నది. అటు ఇటు ఇద్దరూ మన ఊరివాళ్లే అనుకుని ఫైలు చదవండి. సంతకం ఆ తర్వాత పెట్టండి.